సీఓ రాసే ముందు ప్రశ్న రాయండి

ఇంజనీరింగ్ కాలేజీలో ఏ కోర్సు ఫైల్ తెరిచినా మొదటి పేజీల్లో ఐదారు కోర్సు ఔట్‌కమ్స్ (సీఓలు, అంటే కోర్సు పూర్తయ్యేసరికి విద్యార్థి చేయగలగాల్సిన పనులు) కనిపిస్తాయి. మధ్యలో మిడ్ (సెమిస్టర్ మధ్యలో కాలేజీ పెట్టే పరీక్ష) ప్రశ్నపత్రాలు, చివర్లో అటైన్‌మెంట్, అంటే ఒక్కో సీఓ ఎంతమందికి వచ్చిందన్న లెక్క. ముందున్న వాక్యం, మధ్యలో ఉన్న ప్రశ్న, చివర్లో వచ్చిన అంకె ఒకే విషయం చెబుతున్నాయా అని చూస్తే ఆ ఫైల్‌లో పస ఎంతో ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది. చాలా ఫైళ్లలో మూడింటిదీ మూడు దారులు. సీఓలు సెమిస్టర్ మొదట్లో రాసేస్తారు, ప్రశ్నపత్రం పాత అలవాటు ప్రకారం తయారవుతుంది, ఆ తర్వాత ఒక్కో ప్రశ్న పక్కన సీఓ1, సీఓ2 అని వేసుకుంటూ పోతారు. ఈ వరుసను తిరగేయాలన్నదే ఈ పోస్టులో నేను చెప్పదలచుకున్నది.

నేపథ్యం క్లుప్తంగా. 2014 జూన్ 13న మన దేశం వాషింగ్టన్ అకార్డ్‌లో శాశ్వత సభ్యురాలైంది, మన తరఫున సంతకం ఇంజనీరింగ్ కోర్సులకు గుర్తింపునిచ్చే ఎన్‌బీఏది. ఆ ఒప్పందంలో ఉన్న దేశాలు ఒకరి ఇంజనీరింగ్ డిగ్రీని మరొకరు గుర్తించాలంటే, ‘ఏం చెప్పాం’ అన్నదానికంటే ‘విద్యార్థి ఏం చేయగలడు’ అన్నది చూపించాలి. 2015 ఎన్‌బీఏ ఫార్మాట్‌లో మూడో క్రైటీరియన్ మొత్తం దీనికే: మొత్తం 1000 మార్కుల్లో టైర్-2 (యూనివర్సిటీకి అఫిలియేటెడ్) కాలేజీలకు 120, టైర్-1 (అటానమస్) కాలేజీలకు 175. డిగ్రీ కాలేజీలకు గ్రేడ్ ఇచ్చే న్యాక్ వాళ్ల 2017 ఫార్మాట్‌లోని 2.6 అంశం కూడా ఇదే. మార్కులు ఉన్నాయి కాబట్టి ఫైళ్లు తయారయ్యాయి. ఫైళ్ల వెనక ఉండాల్సిన ఆలోచన మాత్రం చాలాచోట్ల వెనకబడింది. అది మంచి ఆలోచన కాబట్టే దాన్ని సరిగ్గా చేయడం గురించి ఇంత రాస్తున్నాను.

డీబీఎంఎస్ (డేటాబేస్‌ల) కోర్సు తీసుకుందాం. నార్మలైజేషన్, అంటే ఒకే సమాచారం పదేపదే రాకుండా పెద్ద పట్టికను చిన్న పట్టికలుగా విడగొట్టడం మీద మామూలుగా కనిపించే సీఓ ఇలా ఉంటుంది: ‘విద్యార్థి నార్మలైజేషన్ భావనలను అర్థం చేసుకుంటాడు.’ దీన్ని పరీక్షించడం ఎలా? అర్థమైందో లేదో మనకు కనపడదు. కనపడేది అతను కాగితం మీద చేసిన పని మాత్రమే. అందుకని సీఓ పక్కన పెట్టి, ఆ యూనిట్ బాగా వచ్చిన విద్యార్థి తప్పకుండా చేయగలగాల్సిన ఒక ప్రశ్న రాయండి. ఉదాహరణకు ఇది:

ఒక పట్టికలో రోల్ నంబర్, విద్యార్థి పేరు, కోర్సు కోడ్, కోర్సు పేరు, అధ్యాపకుడి ఐడీ, అధ్యాపకుడి గది నంబర్, గ్రేడ్ అనే ఏడు కాలమ్‌లు ఉన్నాయి. రోల్ నంబర్‌ను బట్టి పేరు తెలుస్తుంది. కోర్సు కోడ్‌ను బట్టి కోర్సు పేరు, అధ్యాపకుడి ఐడీ తెలుస్తాయి. ఐడీని బట్టి గది తెలుస్తుంది. రోల్ నంబర్, కోర్సు కోడ్ రెండూ కలిస్తేనే గ్రేడ్ తెలుస్తుంది. కీ ఏదో కనుక్కుని, పట్టికను థర్డ్ నార్మల్ ఫామ్‌కు తీసుకురండి.

కీ అంటే ఒక వరుసను విడిగా గుర్తుపట్టడానికి చాలినన్ని కాలమ్‌లు, థర్డ్ నార్మల్ ఫామ్ అంటే విడగొట్టడంలో చేరాల్సిన మూడో స్థాయి, ‘దీన్ని బట్టి అది తెలుస్తుంది’ అన్న సంబంధాలే ఫంక్షనల్ డిపెండెన్సీలు. ఈ ప్రశ్న ముందుంటే సీఓ దానంతటదే వస్తుంది: ‘ఇచ్చిన ఫంక్షనల్ డిపెండెన్సీల ఆధారంగా ఒక రిలేషన్ కీని కనుక్కుని, దాన్ని థర్డ్ నార్మల్ ఫామ్‌లోకి విడగొట్టగలరు.’ చేయాల్సిన పని ఉంది, ఏమి ఇస్తామో ఉంది, ఎంతవరకు రావాలో ఉంది. ఈ వాక్యం చదివిన విద్యార్థికి పరీక్షలో ఏం అడుగుతారో తెలుస్తుంది. కొత్తగా చేరిన అధ్యాపకుడికి ఎక్కడివరకు చెప్పాలో తెలుస్తుంది. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలుంటే కోర్సులోని సీఓ వాక్యాలన్నిటినీ తెలుగులో కూడా రాసి ఇవ్వండి. సీఓ చదవాల్సినవాళ్లలో మొదటివాడు విద్యార్థే.

రాసేటప్పుడు దొర్లే పొరపాట్లలో మొదటిది క్రియాపదాల జాబితా మీద ఆధారపడటం. నేర్చుకోవడంలోని స్థాయిలను మెట్లుగా చూపే బ్లూమ్స్ టాక్సానమీ 1956లో వచ్చింది. ఇప్పుడు మనం వాడే రిమెంబర్, అండర్‌స్టాండ్, అప్లై, అనలైజ్, ఎవాల్యుయేట్, క్రియేట్ అనే ఆరు మెట్లు 2001 సవరణలోవి. ఆ జాబితాలోంచి ‘అనలైజ్’ అన్న మాట తెచ్చి సీఓలో పెట్టినంత మాత్రాన అది నాలుగో మెట్టు కాదు. సీఓలో ‘అనలైజ్’ అని రాసి, పరీక్షలో ‘నార్మల్ ఫామ్స్ రకాలను ఉదాహరణలతో వివరించండి’ అని అడిగితే, జరిగింది జ్ఞాపకశక్తి పరీక్ష. స్థాయిని తేల్చేది ప్రశ్నే. ఇంకా లోతుకు వెళ్తే, ప్రశ్న కూడా ఒక్కటే తేల్చదు. పైన ఇచ్చిన ఏడు కాలమ్‌ల పట్టికనే క్లాసులో బోర్డు మీద చేయించి, అవే పేర్లతో మిడ్‌లో అడిగితే అది మొదటి మెట్టుకు జారిపోతుంది. పట్టిక మార్చాలి. ఆసుపత్రి అపాయింట్‌మెంట్లదో, రైల్వే రిజర్వేషన్లదో ఇవ్వాలి. అప్పుడే అది అప్లై.

రెండోది, ఒకే వాక్యంలో రెండు మూడు పనులు కుక్కడం. ‘ఈఆర్ డయాగ్రమ్ గీసి, ఎస్‌క్యూఎల్ క్వెరీలు రాసి, ట్రాన్సాక్షన్లను వివరించగలరు’ అంటే అటైన్‌మెంట్ తక్కువ వచ్చినప్పుడు ఏది రాలేదో ఎవరికీ తెలియదు. విడగొట్టండి. అలాగని పది సీఓలు పెట్టినా కష్టమే, ఒక్కోదానికి సరిపడా ప్రశ్నలు దొరకవు. నాలుగు నుంచి ఆరు చాలు.

మూడోది మన యూనివర్సిటీ పద్ధతి వల్ల వచ్చింది. సిలబస్‌లో ఐదు యూనిట్లు, కాబట్టి ఐదు సీఓలు, యూనిట్‌కొకటి. పరీక్ష కూడా యూనిట్ల వారీగానే ఉంటుంది కాబట్టి ఇది తేలికగా అతుకుతుంది. కాకపోతే యూనిట్లను దాటే నైపుణ్యం ఎక్కడా కొలవబడదు. ఒక మెడికల్ షాపు అవసరాలు విని, ఈఆర్ డయాగ్రమ్ గీసి, పట్టికలుగా మార్చి, నార్మలైజ్ చేసి, క్వెరీలు రాయడం అనే మొత్తం పని డీబీఎంఎస్ చదివినందుకు అసలు ఫలితం. దాన్ని ఒక సీఓగా పెట్టి, అసైన్‌మెంట్ ద్వారానో ల్యాబ్ ద్వారానో కొలవండి. ఆరో సీఓగా ఉండటానికి దానికి పూర్తి అర్హత ఉంది.

పీఓలంటే డిగ్రీ మొత్తం పూర్తయ్యేసరికి రావాల్సిన ప్రోగ్రామ్ ఔట్‌కమ్స్. ఒక్కో సీఓ ఏ పీఓకి ఎంత తోడ్పడుతుందో చూపే మ్యాపింగ్ గురించి ఒకటే మాట. సీఓకీ పీఓకీ మధ్య 1, 2, 3 (1 తక్కువ, 3 ఎక్కువ) వేసేటప్పుడు ప్రతి అంకె పక్కన ఒక వాక్యం కారణం రాసుకోండి. రాయలేకపోతే ఆ గడి ఖాళీగా వదిలేయండి. ఇంకో జాగ్రత్త: పాత ఫార్మాట్‌లో పీఓలు 12, కొత్తదాంట్లో 11. పాతవాటిలో ‘సమాజం’, ‘పర్యావరణం’ వేర్వేరుగా ఆరు, ఏడు స్థానాల్లో ఉండేవి. ఇప్పుడు రెండూ ఆరులో కలిశాయి. దాంతో ఎనిమిదిలో ఉన్న ఎథిక్స్ ఏడుకు వచ్చింది, ఆ తర్వాతవన్నీ ఒక్కో స్థానం ముందుకు జరిగాయి. పాత ఎక్సెల్ షీట్‌లోంచి మ్యాపింగ్‌ను అలాగే కాపీ చేస్తే టీమ్ వర్క్ అంకెలు కమ్యూనికేషన్ కింద పడతాయి.

ఇక కొలవడం. ఇక్కడే ఎక్కువ నష్టం జరుగుతోంది కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం.

పైన రాసిన నార్మలైజేషన్ ప్రశ్న మిడ్-2లో 5 మార్కులకు ఇచ్చామనుకుందాం. ఇది సీఓ4. ఇందులో 60 శాతం, అంటే 3 మార్కులు తెచ్చుకున్నవాళ్లకు సీఓ వచ్చినట్టు లెక్కేస్తున్నాం, గీత అదే. స్కీమ్ ఆఫ్ వాల్యుయేషన్‌లో, అంటే మార్కుల పంపకంలో, కీకి 1, పార్షియల్ డిపెండెన్సీ (కీలో ఒక భాగం మీదే ఆధారపడటం) గుర్తించినందుకు 1, ట్రాన్సిటివ్ డిపెండెన్సీకి (కీ కాని కాలమ్ మీద ఆధారపడటం) 1, చివరి నాలుగు పట్టికలకు 2 అని పెడితే ఏమవుతుందో చూడండి. ఒక్క పట్టిక కూడా విడగొట్టని విద్యార్థికి 3 మార్కులు వచ్చేస్తాయి, సీఓ వచ్చినవాళ్లలో అతనూ చేరతాడు. మన సీఓ చెప్పింది ‘విడగొట్టగలరు’ అని. కాబట్టి కీకి 1, డిపెండెన్సీలు రెండూ గుర్తించినందుకు 1, పట్టికలకు 3 పెట్టాలి. అప్పుడు 3 తెచ్చుకోవాలంటే ఎంతో కొంత విడగొట్టి తీరాలి. స్కీమ్ రాసేటప్పుడు ఈ ఒక్క ప్రశ్న వేసుకోండి: గీత దగ్గర నిలబడ్డ విద్యార్థి ఏం చేసి ఉంటాడు? ఆ పని సీఓలో చెప్పిన పనేనా?

సెక్షన్‌లో 60 మంది మిడ్ రాశారు. ఈ ప్రశ్న ఛాయిస్‌లో ఉంది, 52 మంది రాశారు, అందులో 39 మందికి 3 లేదా అంతకంటే ఎక్కువ వచ్చాయి. చాలా కాలేజీలు వాడే మెట్లు ఇవి: 60 శాతం మంది గీత దాటితే లెవెల్ 1, 70 శాతమైతే 2, 80 శాతమైతే 3. 39ని 52తో భాగిస్తే 75 శాతం, లెవెల్ 2. అదే 60తో భాగిస్తే 65 శాతం, లెవెల్ 1. ఒకే జవాబుపత్రాలకు రెండు ఫలితాలు. ఛాయిస్ ఉన్నప్పుడు రాసినవాళ్లనే లెక్కలోకి తీసుకోవడం సబబు, ఛాయిస్ లేకపోతే హాజరైన అందరినీ తీసుకోవాలి. కానీ 60 మందిలో 35 మంది ఆ ప్రశ్న వదిలేస్తే, మిగిలిన 25 మంది మీద వచ్చిన శాతం తరగతి గురించి ఏమీ చెప్పదు. దీనికి చక్కటి విరుగుడు ప్రశ్నపత్రంలోనే ఉంది. ‘ఎ లేదా బి’ ఇస్తే రెండూ ఒకే సీఓకి, ఒకే స్థాయిలో ఉండాలి. అప్పుడు ఏది రాసినా ఆ సీఓకి మార్కు దొరుకుతుంది, వదిలేసే వీలు ఉండదు. ఎక్సెల్‌లో రాయని ప్రశ్నకు గడి ఖాళీగా ఉంచాలి, రాసి సున్నా తెచ్చుకున్నవాడికే 0 వేయాలి. ఈ రెండూ కలిసిపోయిన షీట్‌ను తర్వాత బాగుచేయడం అంటే మళ్లీ కట్టలన్నీ విప్పడమే.

గీతను తరగతి సగటు దగ్గర పెట్టే అలవాటు కొన్నిచోట్ల ఉంది. దయచేసి పెట్టకండి. సగటు కంటే పైన ఉండేవాళ్లు మామూలుగా అటూ ఇటుగా సగం మందే ఉంటారు. పిల్లలంతా బాగా రాసినా, అంతా చెడగొట్టినా ఫలితం ఒక్కలాగే కనిపిస్తుంది.

మన రాష్ట్రాల్లో అఫిలియేటెడ్ కాలేజీలకు ప్రత్యేకంగా ఉన్న చిక్కులు రెండు. ఆంధ్రప్రదేశ్‌లో జేఎన్‌టీయూల ఆర్20, ఆర్23 రెగ్యులేషన్లలో ఇంటర్నల్ 30, ఎక్స్‌టర్నల్ 70. ఇంటర్నల్ మార్కు లెక్కలో రెండు మిడ్లలో మెరుగైనదానికి 80 శాతం, రెండోదానికి 20 శాతం వెయిటేజీ. విద్యార్థికి మేలు చేసే నియమమే ఇది. కానీ అలా కలిపిన మార్కుతో సీఓ అటైన్‌మెంట్ లెక్కవేస్తే అంతా కలగాపులగం అవుతుంది. మిడ్-1లో మొదటి రెండున్నర యూనిట్లు, మిడ్-2లో మిగతావి. మిడ్-1 బాగా రాసి మిడ్-2 చెడగొట్టిన విద్యార్థి కలిపిన మార్కులో బాగానే కనిపిస్తాడు, సీఓ4 అతనికి రానేలేదు. అందుకే సీఓ లెక్కకు ప్రశ్నల వారీ మార్కులే కావాలి, కలపకముందువి. మూడో యూనిట్ రెండు మిడ్లలోకీ చీలిపోతుంది కాబట్టి సీఓ3కి రెండు చోట్లనుంచీ మార్కులు తీసుకోవాలి.

రెండో చిక్కు ఎక్స్‌టర్నల్. యూనివర్సిటీ నుంచి మనకు వచ్చేది మొత్తం మార్కు, ప్రశ్నల వారీగా రాదు. కాబట్టి ఎక్స్‌టర్నల్ లెవెల్ ఒక్కటే, అన్ని సీఓలకూ అదే వేస్తాం. 60 మందిలో 38 మంది గీత దాటితే 63 శాతం, లెవెల్ 1. ఇప్పుడు సీఓ4 మొత్తం: 2 ఇంటూ 0.3, ప్లస్ 1 ఇంటూ 0.7, అంటే 1.3. ఈ లెక్కలో దాగి ఉన్న సంగతి గమనించండి. ఎక్స్‌టర్నల్ నుంచి ప్రతి సీఓకీ 0.7 వచ్చింది. ఇంటర్నల్‌లో ఒక సీఓ పూర్తిగా 3 తెచ్చుకున్నా దానికి కలిసేది 0.9, మొత్తం 1.6. లక్ష్యం 1.8 అని కోర్సు ఫైల్ మొదట్లో రాసుకుని ఉంటే, ఏ సీఓ కూడా ఎట్టి పరిస్థితుల్లోనూ దాన్ని అందుకోలేదు. అప్పుడు ఐదు సీఓలకూ ‘అందుకోలేదు’ అని రాసి, ఐదింటికీ ఒకే చర్య రాస్తారు. దానివల్ల ఎవరికీ ఉపయోగం లేదు. ఎన్‌బీఏకి కలిపిన అంకె ఇవ్వండి, కానీ బోధనలో ఏం మార్చాలో తేల్చుకోవడానికి ఇంటర్నల్ లెవెళ్లను విడిగా ఒక వరుసలో పెట్టి చూడండి. అక్కడే సీఓల మధ్య నిజమైన తేడా కనిపిస్తుంది. హైదరాబాద్ జేఎన్‌టీయూ ఆర్22లో ఇంటర్నల్ 40, ఎక్స్‌టర్నల్ 60 కాబట్టి అంకెలు మారతాయి, చిక్కు అదే. అటానమస్ కాలేజీలకు సెమిస్టర్ స్క్రిప్టులు చేతిలోనే ఉంటాయి. వాళ్లు ప్రశ్నల వారీ మార్కులు ఎంట్రీ చేయకుండా మొత్తం మార్కుతో సరిపెట్టుకోవడానికి కారణమే లేదు.

పీఓ అటైన్‌మెంట్‌కి రెండు సూత్రాలు వాడుకలో ఉన్నాయి, రెండూ ఒకే జవాబు ఇవ్వవు. సీఓలు వరుసగా 1.6, 1.6, 1.3, 1.3, 1.0 అనుకుందాం. పీఓ3కి సీఓ2 నుంచి 1, సీఓ4 నుంచి 2 మ్యాపింగ్ ఉంది. మొదటి పద్ధతిలో మ్యాపింగ్‌ను వెయిటేజీగా వాడతాం: 1.6 ప్లస్ 2.6, భాగించు 3, అంటే 1.4. రెండో పద్ధతిలో మ్యాపింగ్ సగటు 1.5ని కోర్సు సగటు 1.36తో గుణించి 3తో భాగిస్తాం, 0.68 వస్తుంది. రెండో పద్ధతిలో మ్యాపింగ్ 1.5 ఉన్న పీఓకి పిల్లలందరూ అద్భుతంగా రాసినా 1.5 దాటదు. అంకె పెరగాలంటే మ్యాపింగ్‌లో 3లు వేసుకోవాలి, అందరూ చేసేది అదే. నా అభిప్రాయంలో మొదటిదే నయం. డిపార్ట్‌మెంట్ ఏది ఎంచుకున్నా అన్ని కోర్సులకూ, అన్ని సంవత్సరాలకూ అదే వాడాలి. ఒక కోర్సుకి ఒకటి, ఇంకో కోర్సుకి ఇంకొకటి వాడి, వాటి సగటు తీస్తే దానికి అర్థం ఉండదు.

పీఓ లెక్కలో పరీక్షల నుంచి వచ్చినదానికి 80 శాతం, సర్వేల నుంచి వచ్చినదానికి 20 శాతం వెయిటేజీ ఇవ్వడం మామూలు. కోర్సు చివరి సర్వేను హాల్ టికెట్ ఇచ్చే రోజు పంచితే అందరూ అన్నిటికీ 5 టిక్ పెట్టి వెళ్తారు. చివరి క్లాసులో పది నిమిషాలు కేటాయించి, ‘కోర్సు బాగుందా’ అని కాకుండా, ‘తెలియని పట్టిక ఇస్తే పుస్తకం చూడకుండా నార్మలైజ్ చేయగలవా: చేయగలను, సాయం ఉంటే చేయగలను, చేయలేను’ అని అడగండి. పేరు రాయనక్కర్లేదు.

ల్యాబ్‌ల సంగతి ఇంకా శ్రద్ధగా చూడాలి. డే-టు-డే మార్కులు అందరికీ 15కి 13, 14 పడితే అటైన్‌మెంట్ ఎప్పుడూ 3. దాన్నుంచి తెలిసేది ఏమీ ఉండదు. రికార్డుకి మార్కులు తగ్గించి, చేసిన ప్రోగ్రామ్‌లో అక్కడికక్కడ ఒక షరతు మార్చమనడానికి మార్కులు పెంచండి. ఎస్‌క్యూఎల్ ల్యాబ్‌లో ఈ ఒక్క అంశానికి రూబ్రిక్ (ఏ పనికి ఎన్ని మార్కులో చెప్పే వివరణ) ఇలా ఉండొచ్చు. మూడు మార్కులు: మార్చిన షరతుకి తగ్గ క్వెరీ సొంతంగా రాసి, వచ్చిన అవుట్‌పుట్ ఎందుకు సరైనదో చెప్పాడు. రెండు: క్వెరీ పనిచేసింది, అవుట్‌పుట్‌లో ఒకే వరుస రెండుసార్లు రావడంలాంటి తప్పు చూపిస్తే గుర్తుపట్టాడు. ఒకటి: పాత క్వెరీలో ఏ భాగం మార్చాలో చెప్పాడు, మార్చలేకపోయాడు. సున్నా: ఆ భాగం కూడా చూపించలేదు. ‘బాగుంది’, ‘ఫర్వాలేదు’ లాంటి మాటలు రూబ్రిక్‌లో ఉంటే ఇద్దరు అధ్యాపకులు రెండు రకాలుగా మార్కులు వేస్తారు. సెమిస్టర్ మొదట్లో ఇద్దరూ ఒక ఐదుగురిని విడివిడిగా దిద్ది పోల్చుకుంటే చాలు. ఎక్కడ తేడా వచ్చిందో ఆ వాక్యమే మార్చాలి.

అటైన్‌మెంట్ వచ్చాక ‘తీసుకున్న చర్యలు’ అనే కాలమ్‌లో ‘అదనపు తరగతులు నిర్వహించాం’ అని రాయడం ఆనవాయితీ. దీనికి బదులు, గీత దాటని స్క్రిప్టుల్లోంచి ఒక పది బయటకు తీయండి. నార్మలైజేషన్‌లో తరచుగా కనిపించే తప్పు ఒకటుంది: క్లోజర్ (కొన్ని కాలమ్‌లను బట్టి ఇంకా ఏవేవి తెలుస్తాయో చూసే లెక్క) వేయకుండా, పట్టికలో మొదట కనిపించిన రోల్ నంబర్‌నే కీ అనుకోవడం. కీ తప్పితే పార్షియల్ డిపెండెన్సీ అన్నదే కనిపించదు, ఆపైన చేసిందంతా తప్పే. అంటే పిల్లలకు రానిది థర్డ్ నార్మల్ ఫామ్ కాదు, అంతకుముందు మెట్టైన క్లోజర్. అదనపు తరగతిలో నార్మల్ ఫామ్స్ మళ్లీ మొదటినుంచి చెప్పినా ఈ తప్పు పోదు. చర్య కాలమ్‌లో ఇలా రాయాలి: నార్మలైజేషన్ మొదలుపెట్టే ముందు ఒక ట్యుటోరియల్ గంట క్లోజర్‌కి, నాలుగు పట్టికలు, రెండింటిలో కీ రెండు కాలమ్‌లది, ఒకదానిలో రెండు వేర్వేరు కీలు. ఈ వాక్యాన్ని వచ్చే ఏడాది లెసన్ ప్లాన్‌లో తేదీతో సహా పెట్టాలి. పెట్టకపోతే అది ఫైల్‌లోనే ఉండిపోతుంది.

మరుసటి ఏడాది మిడ్‌లో ఆ సీఓకి అడిగే ప్రశ్న కష్టం కూడా అంతే ఉండాలి: ఏడెనిమిది కాలమ్‌లు, రెండు కాలమ్‌ల కీ ఒకటి, ట్రాన్సిటివ్ డిపెండెన్సీ ఒకటి, స్కీమ్ అదే. ప్రశ్న తేలికైతే శాతం పెరగడం మన గొప్ప కాదు. 52 మంది రాసినప్పుడు ఒక్కో విద్యార్థి దాదాపు 2 శాతం. 75 కాస్తా 79 అయితే ఇద్దరు ఎక్కువ చేశారన్నమాట, దాన్ని మెరుగుదల అని రాయకండి. 75 నుంచి 90కి వెళ్తే క్లోజర్ గంట పనిచేసినట్టే అనుకోవచ్చు, దాన్ని ఉంచేయండి. కదలకపోతే మళ్లీ పది స్క్రిప్టులు తీయండి, ఈసారి కీ సరిగ్గా కనుక్కున్నవాళ్లవి.